తొమ్మిదిలో లెక్కలకి 13 మార్కులు... పది గట్టెక్కుతాడా?

(జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన మేడమ్ ఈ శీర్షికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తారు.)

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పొదిలి దగ్గర పల్లె. మా అబ్బాయి ఊరి హైస్కూల్లో తొమ్మిది అయిపోయి పదికి వచ్చాడు. లెక్కల్లో నూటికి 13 వచ్చాయి. మిగతావి ఎలాగో నెట్టుకొచ్చాడు. ఐదు దాకా తెలుగు మీడియం, ఆరు నుంచి ఇంగ్లిష్ మీడియం. అప్పు చేసైనా విజయవాడలో హాస్టలున్న స్కూల్లో వేద్దామని వాళ్ల నాన్న అంటున్నారు. వాడేమో "నాకు చదువు రాదమ్మా, ఒంగోలు పోయి మెకానిక్ షెడ్డులో చేరతా" అంటున్నాడు. మాకు పొగాకు వ్యవసాయం. నేను ఏడు దాకే చదివాను. వాడికి నేనేం చెప్పగలను?
– ఒక తల్లి, పొదిలి మండలం

జవాబు: అమ్మా, ముందు మీ చివరి మాటకు జవాబు చెబుతాను. ఏడు దాకా చదివిన మీరు వాడికి చాలా చేయగలరు. నేను చూసినంతలో పదో తరగతి లెక్కలు రాని పిల్లల్లో ఎక్కువమంది ఆగిపోయింది ఐదు, ఆరు తరగతుల లెక్కల దగ్గరే.

మీ అబ్బాయి వయసు లెక్క వేసి చూడండి. 2020 మార్చిలో కరోనాతో బడులు మూసినప్పుడు వాడు మూడో నాలుగో చదువుతూ ఉండాలి. భిన్నాలు, దశాంశాలు, పెద్ద భాగహారాలు నేర్చుకోవాల్సిన కాలం కాస్తా ఫోన్ పాఠాలతో, కొన్ని ఇళ్లలో ఆ పాఠాలు కూడా లేకుండా గడిచిపోయింది. ఆ వెంటనే మీడియం మారింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం వచ్చాక ఎనిమిది దాకా ఫెయిల్ చేయకుండా పై తరగతికి పంపుతూ వచ్చారు. దానివల్ల ఎంతోమంది పిల్లలు బడి మానకుండా నిలబడ్డారు, ఆ పద్ధతిని నేను తప్పుపట్టను. కానీ రాకుండా మిగిలిపోయినవాటిని వెనక్కి వెళ్లి నేర్పే ఏర్పాటు చాలా బడుల్లో లేదు. ఉన్న టీచరు ఈ ఏడాది సిలబస్ పూర్తి చేయాలి కదా. నాకు బాధ అక్కడే.

ఈ రాత్రి అన్నాలయ్యాక వాడికి ఒక కాగితం మీద ఈ లెక్కలు రాసివ్వండి. 3/4 లోంచి 2/5 తీసేయాలి. మైనస్ 3కి 7 కలపాలి. మైనస్ 3 లోంచి 7 తీసేయాలి. 0.5ని 0.2తో హెచ్చవేయాలి. ఏ సంఖ్యకి 5 కలిపితే 2 వస్తుందో కనుక్కోవాలి. జవాబులు వరసగా 7/20, 4, మైనస్ 10, 0.1, మైనస్ 3. పక్కనే కూర్చోండి. తప్పు రాస్తే ఏమీ అనకండి, ఎలా చేశావో చెప్పమని మాత్రం అడగండి. మొదటి లెక్కకి చాలామంది పిల్లలు పైన 3 లోంచి 2 తీసి 1 అని, కింద 4 లోంచి 5 తీసి మైనస్ 1 అని రాసేస్తారు. మీవాడూ అలాగే రాస్తే వాడు ఎక్కడ ఆగాడో మీకు తెలిసిపోయినట్టే. హారాలు వేరైనప్పుడు వాటిని ముందు సమానం చేయాలని వాడికి ఎవరూ దగ్గర కూర్చుని చూపించలేదు. ఆ పిల్లవాడి ముందు త్రికోణమితి పెట్టి "ఇంత చెప్పినా అర్థం కావట్లేదా" అనడం అన్యాయం.

ఇంకో పరీక్ష కూడా పెట్టండి. వాడి లెక్కల పుస్తకంలో ఒకవైపు ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే తెలుగులో ఉంటుంది. మాటల్లో ఇచ్చిన లెక్క ఒకటి ఇంగ్లిష్‌లో పైకి చదివి, ఏమడిగారో తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే తెలుగు పేజీ చదివించి మళ్లీ అడగండి. తెలుగులో చదవగానే దారి దొరికితే వాడికి లెక్కలు వచ్చు, ఇంగ్లిష్ అడ్డుపడుతోంది. చాలా ఇళ్లలో ఈ రెండిటినీ కలిపి "లెక్కలు రావు" అనేస్తారు.

నేను దర్శి వైపు పనిచేసినప్పుడు నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. స్లిప్ టెస్టుల్లో తెల్లకాగితం ఇచ్చేవాడు. వాళ్లదీ పొగాకే. నాన్నతో కలిసి వేలం కేంద్రానికి వెళ్తాడని తెలిసి, బేలు 130 కిలోలుంటే కిలో 180 చొప్పున ఎంతవుతుందని అడిగాను. పెన్ను తీయకుండానే ఇరవై మూడు వేల నాలుగొందలన్నాడు. ఎలాగంటే, "వందకి పద్దెనిమిది వేలు టీచర్, ముప్పైకి ఐదువేల నాలుగొందలు" అన్నాడు. బోర్డు మీద 180 × (100 + 30) అని రాసి, నువ్వు చేసింది ఇదే, దీన్నే పుస్తకంలో విభాగ న్యాయం అంటారని చూపించాను. వాడు చాలాసేపు బోర్డు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత కూడా వాడికేమీ సులువు కాలేదు. బడి అయ్యాక ఆగి ఆరో తరగతి పుస్తకం చేశాడు. తనకన్నా చిన్నపిల్లల ముందు ఆ పుస్తకం పట్టుకోవడానికి సిగ్గుపడి అట్ట వేసుకుని తెచ్చేవాడు. కొన్ని రోజులు రాలేదు, కబురుపెడితే మళ్లీ వచ్చాడు. పదిలో బొటాబొటి మార్కులతో బయటపడ్డాడు. ఐటీఐ చేసి ఇప్పుడు ఎలక్ట్రీషియన్‌గా బతుకుతున్నాడు.

మీవాడికీ నేను చెప్పేది అదే. బడి తెరిచేలోగా ఊళ్లో ఎవరింట్లోనైనా ఆరు, ఏడు తరగతుల లెక్కల పుస్తకాలు అడిగి తెచ్చుకోండి. రోజూ సాయంత్రం ఒకే సమయానికి కూర్చోవాలి. ఎక్కువసేపు అక్కర్లేదు, అరగంట చాలు, కానీ మానకూడదు. పూర్ణసంఖ్యల్లో ప్లస్‌లు మైనస్‌లు, ఆపైన భిన్నాలు, ఆపైన సామాన్య సమీకరణాలు. ఈ మూడింటికి వేసవి సరిపోకపోతే దసరా దాకా పట్టనివ్వండి. భిన్నాలు మీరే చెప్పగలరు. 1/4కి 1/2 కలిపితే వాడు 2/6 అని రాయొచ్చు. పావుకిలో కందిపప్పు, అరకిలో కందిపప్పు కలిపితే ఎంత అని అడగండి, ముప్పావు అని వెంటనే అంటాడు. అప్పుడు మళ్లీ కాగితం మీదికి తీసుకురండి. ఎక్కడైనా మీకూ తెలియకపోతే ఆ లెక్కకి గుర్తు పెట్టి, మర్నాడు వాళ్ల లెక్కల టీచర్‌ని అడిగి రమ్మనండి. బడి తెరిచిన మొదటి వారంలో మీరూ ఒకసారి వెళ్లి ఆ టీచర్‌తో మాట్లాడండి. "మావాడికి ఆరో తరగతి నుంచి రావు సార్, ఇంట్లో చేయిస్తున్నాం, కాస్త చూడండి" అని తల్లి వచ్చి చెబితే పట్టించుకోని టీచర్లు తక్కువ.

ఇక పరీక్ష సంగతి. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి లెక్కల పేపర్లో ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. చిన్న ప్రశ్నలే 28 మార్కులు, పాస్‌కి కావాల్సింది 35. సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, శ్రేఢులు, నిరూపక జ్యామితిలో దూర సూత్రం, వీటిని గట్టిగా పట్టుకుంటే వాడు దాటేస్తాడు. కాకపోతే దూర సూత్రానికి మైనస్‌లు రావాలి, మధ్యగతానికి భిన్నాలు రావాలి. ముందు ఆరో తరగతి పుస్తకం తెరవమన్నది అందుకే.

హాస్టల్ స్కూల్ మాత్రం ఈ ఏడాది వద్దని మీ ఆయనకి నా మాటగా చెప్పండి. అలాంటి చోట్ల మొదటి రోజు నుంచే పదో తరగతి సిలబస్ పరుగెత్తిస్తారు. వెనకబడ్డ పిల్లవాడి కోసం ఆరో తరగతికి వెళ్లరు. కొత్త ఊరు, కొత్త పిల్లలు, వారం వారం ర్యాంకుల జాబితాలో చివరి పేరు, ఇంటి దగ్గర అప్పు. "నాకు చదువు రాదు" అని ఇప్పటికే అనుకుంటున్నవాడు అక్కడ ఆ మాటే నిజమనుకుంటాడు. ఆ డబ్బు ఉంచండి, పది తర్వాత అవసరం పడుతుంది.

మెకానిక్ అవుతానంటే తిట్టకండి, అది మంచి పని. అయితే ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉందని, రెండేళ్ల కోర్సని, అందులో చేరాలంటే పది పాసై ఉండాలని చెప్పండి. వాడికి ఇష్టమైన దారిలోనే పది ఉందని తెలిస్తే పుస్తకం తీయడానికి వాడికంటూ ఒక కారణం ఉంటుంది.

ఒక్క విషయం గట్టిగా అడుగుతున్నాను. జనవరి నుంచి మీకు ఆకు కోతలు, కర్రలకు కట్టడం, రాత్రిళ్లు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట చూసుకోవడం ఉంటాయి. పిల్లలు సాయం పట్టే కాలమూ అదే, పది పరీక్షల ముందు రోజులూ అవే. ఈ ఒక్క సీజన్ వాణ్ని బ్యారన్ దగ్గరికి పిలవకండి. మనిషిని పెట్టుకుంటే కూలి ఖర్చని తెలుసు. అయినా అడుగుతున్నాను.

ప్రశ్న: టీచర్ గారూ, నాకు పదిలో లెక్కలు 28 దగ్గర ఆగిపోయాయి. అన్నీ పోయాయని అందరూ అంటుంటే బయటికి రావాలనిపించడం లేదు. నిజానికి మిగతా అన్నీ పాసయ్యాను, ఆ ఒక్కటే పోయింది. అమ్మతో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లమని నాన్న, పెళ్లి చేసేద్దామని మావయ్య అంటున్నారు. నాకు ఇంటర్ చదవాలనుంది.
– ఒక విద్యార్థిని, పలాస

జవాబు: తల్లీ, నీకు తక్కువ పడింది ఏడు మార్కులు. పాసైన సబ్జెక్టులు ఎక్కడికీ పోవు, మళ్లీ రాయాల్సింది లెక్కల పేపరు ఒక్కటే. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఈ వేసవిలోనే ఉంటుంది. అందులో పాసైతే ఈ ఏడాదే ఇంటర్‌లో చేరొచ్చు, ఏడాది పోదు. ఫీజు గడువు తక్కువ ఉంటుంది కాబట్టి ఈ పత్రిక చేతికి అందగానే మీ హెడ్మాస్టర్ గారి దగ్గరికి వెళ్లు. రీకౌంటింగ్ పెట్టుకున్నా సరే, దాని కోసం ఎదురుచూస్తూ సప్లిమెంటరీ ఫీజు కట్టకుండా ఉండొద్దు.

28 తెచ్చుకున్నావంటే నీకు చాలా వచ్చు. కొత్త పాఠాలు మొదలుపెట్టకు. మార్చిలో రాసిన ప్రశ్నపత్రం తీసి, ఏవి వదిలేశావో, ఏవి సగంలో ఆపావో గుర్తు పెట్టుకో. సగంలో ఆగినవాటిని ముందు పూర్తిచేయి. నీ ఏడు మార్కులు వాటిలోనే దొరుకుతాయి. తర్వాత పాత పేపర్లు తీసుకుని, గడియారం పెట్టుకుని, ఒంటరిగా కాకుండా నీలాగే సప్లిమెంటరీ రాస్తున్న ఇంకో అమ్మాయితో కూర్చుని రాయి. ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరుంటారు, వాళ్లూ నీలాగే తలుపు వేసుకుని కూర్చుని ఉంటారు. ఒకవేళ ఈసారీ పోతే సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా పది పూర్తిచేసే దారి ఉంది, ఆ సర్టిఫికెట్‌తోనూ ఇంటర్ చదవొచ్చు.

నీకు పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం చట్టం ఒప్పుకోదు. ఇంట్లో బలవంతం పెడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయి. దిగులు మరీ ఎక్కువై, రాత్రిళ్లు చెడ్డ ఆలోచనలు వస్తుంటే 14416కి చేయి. అది టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ మాట నీకే కాదు, ఈ నెలలో ఫలితాలు చూసుకున్న పిల్లలందరికీ చెబుతున్నాను. నాన్నగారికి ఈ పేజీ చూపించు. అయ్యా, ఫ్యాక్టరీ పని ఎక్కడికీ పోదు. ఈ కొన్ని వారాలు అమ్మాయికి ఇవ్వండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ఎనిమిదిలో ఉన్న తమ్ముడికి ఇంట్లో చదువు చెబుతున్నాను. నోటితో అడిగితే అన్నీ చెబుతాడు. చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాడు, రాస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, 69 చూసి 96 రాస్తాడు. సార్లు బద్ధకమంటారు, అమ్మ కొడుతుంది.
– ఒక అక్క, జనగామ

జవాబు: అమ్మా, ముందు ఆ కొట్టడం ఆపించు. నోటితో చెప్పగలిగిన పిల్లవాడు బద్ధకస్తుడు కాడు. నువ్వు రాసిన లక్షణాలు చూస్తే డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యం (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందేమోనన్న అనుమానం వస్తోంది. అవునో కాదో నేను చెప్పకూడదు, పరీక్ష చేసినవాళ్లే చెప్పాలి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఎక్కడుందో బడిలో అడుగు. అక్కడి రిసోర్స్ పర్సన్ తమ్ముణ్ని చూసి, ఎక్కడికి పంపాలో చెబుతారు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యాలున్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ కూడా ఉంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని వైకల్యాల జాబితాలో చేర్చింది. సర్టిఫికెట్ ఉంటే పబ్లిక్ పరీక్షలో రాసిపెట్టే మనిషిని, అదనపు సమయాన్ని అడగొచ్చు. తమ్ముడు ఇంకా ఎనిమిదిలోనే ఉన్నాడు కాబట్టి మీకు వ్యవధి ఉంది. పదిలో హాల్‌టికెట్లు వచ్చే వేళ తిరిగితే పని కాదు, తొమ్మిది మొదలయ్యేలోగా కాగితాలు చేతిలో ఉండాలి.

ఈలోగా ఇంట్లో పాఠం నువ్వే పైకి చదువు, వాడు విని నీకు తిరిగి చెప్పాలి. లెక్కల్లో అంకెలు తారుమారవుతున్నాయి కాబట్టి గళ్ల నోటుబుక్కు కొనివ్వు, గడికి ఒక అంకె. రాసిన ప్రతి సంఖ్యనీ వేలు పెట్టి పైకి చదివాకే లెక్క మొదలుపెట్టమను. చదవడం రోజుకి పది లైన్లు చాలు, కానీ వాడికి నచ్చిన విషయం మీద. క్రికెట్ అయినా సరే. సార్లతో గొడవపడొద్దు. వాడు నోటితో చెప్పే జవాబులు ఫోన్‌లో రికార్డు చేసి తీసుకెళ్లి, వాళ్లు ఇచ్చిన ప్రశ్నలకే వాడెలా చెబుతున్నాడో క్లాస్ టీచర్‌కి వినిపించు.