అను ఫాంట్ల నోట్సుతో స్లైడ్లు, వీడియో పాఠాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: ఉస్మానియా పరిధిలోని కాలేజీలో పీజీ తెలుగు చెబుతున్నారు, నోట్సంతా డీటీపీ సెంటర్లో 'అను' అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేయించినది, క్లాసులోని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి వస్తోంది, వీడియో పాఠాలకు ఏ కెమెరా కొనాలి అని. కెమెరా తర్వాత చూడొచ్చు. ముందు ఆ నోట్సును, ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే చదవగలిగే పద్ధతి అయిన యూనికోడ్‌లోకి తెచ్చుకోండి. అది కాకుండా మీరు ఎంత అందంగా చేసినా రెండోసారి పనికిరాదు.

అనులో తెరమీద తెలుగులా కనిపించేది కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలుగా కూర్చి ఉంటాయి. ఫాంటు లేని చోట ఆ ఇంగ్లిష్ గుర్తులే బయటపడతాయి. పీడీఎఫ్ చేస్తే చూడటానికి బాగానే ఉంటుంది, వెతికితే మాత్రం ఒక్క మాటా దొరకదు. పరిశోధన గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధగంగలో ఇలాంటి ఫైలుగా చేరిన తెలుగు సిద్ధాంత గ్రంథంలో ఏళ్ల శ్రమ ఉన్నా, తర్వాతి పరిశోధకుడు వెతికితే చేతికందదు. నిజంగా బాధ కలిగించే సంగతి ఇది.

మార్చేటప్పుడు ఎక్కువగా చెడేది రెండు చోట్ల. అను 6, అను 7 వెర్షన్ల అక్షరాల అమరికలు వేరు, అందుకే అనును యూనికోడ్ చేసే కన్వర్టర్లో రెండూ విడిగా ఉంటాయి. ఒక పేరా రెంటిలోనూ వేసి చూసి, ఒత్తులు సరిగ్గా వచ్చినదాన్ని ఎంచుకోండి. రెండోది, నోట్సు మధ్యలోని అసలు ఇంగ్లిష్ మాటలు. కన్వర్టర్‌కు తేడా తెలియదు, వాటినీ అర్థంలేని తెలుగు చేసేస్తుంది. వర్డ్‌లో ఫాంటు పేరుతో వెతికి ఆ మాటలను ముందే తీసి, వాటి స్థానంలో 1, 2 అని గుర్తు అంకెలు పెట్టి, చివర్లో తిరిగి చేర్చండి. ఒకేసారి పుస్తకమంతా వేయొద్దు. అధ్యాయానికొక ఫైలు చొప్పున మార్చి, ప్రింటు పక్కన పెట్టుకుని చదవాల్సిందే.

ఇంకో చిక్కు కంటికి కనిపించదు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలో పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటుంది. అది లేకపోతే 'ట'కు వ ఒత్తు చేరి 'సాఫ్ట్వేర్' అవుతుంది. ఒకచోట ఆ గుర్తు ఉండి, ఇంకోచోట లేకపోతే వెతుకులాటలో సగమే దొరుకుతుంది. మొత్తం ఫైల్లో ఒకే పద్ధతి పాటించండి.

స్లైడ్లకు మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. పాఠానికి మండలి, శీర్షికకు రామభద్ర బాగుంటాయి. రామభద్ర లావు, దానితో పేరాలు పెడితే కళ్లు లాగుతాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే లైన్ స్పేసింగ్ మనకు చాలదు, పై వరుస ఒత్తులు కింది గుడులను తాకుతాయి. 1.3 పెట్టండి. అక్షరం 28 పాయింట్లకు తగ్గొద్దు, ఎందుకంటే పిల్లలు చూసేది ఫోన్లో. పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి 'ఎంబెడ్ ఫాంట్స్' టిక్ చేయండి, ఫాంటు ఫైలుతోపాటే వెళ్తుంది. అయినా ఒక పీడీఎఫ్ ప్రతి కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. ఇన్‌డిజైన్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ వాడితే, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి.

ఇక వీడియో. కెమెరా అక్కర్లేదు, తెరను రికార్డు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియోతో స్లైడ్లూ మీ గొంతూ రికార్డు చేస్తే చాలు. డబ్బు కాలర్ మైకు మీద పెట్టండి. గడ్డానికి జానెడు కింద తగిలించి, ఫ్యాన్ ఆపి మాట్లాడండి. ఏప్రిల్, మేలో ఫ్యాన్ ఆపడం కష్టమే కాబట్టి పొద్దున్నే పెట్టుకోవడం మేలు. రికార్డు చేసేటప్పుడు కనిపించే గొంతు మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. పది నిమిషాల పాఠం 720పీలో 1 ఎంబీపీఎస్‌తో సుమారు 75 ఎంబీ అవుతుంది. స్లైడ్లకు అంతకంటే అక్కర్లేదు. అదే పాఠాన్ని 64 కేబీపీఎస్ ఆడియోగా ఇస్తే 5 ఎంబీ లోపే. రోజువారీ డేటా మీద నడిచే విద్యార్థికి ఆడియో ప్రతి తప్పకుండా ఇవ్వండి.

పాత పుస్తకాల పేజీలు కావాలంటే 300 డీపీఐలో, చిన్న అచ్చు అయితే 400లో స్కాన్ చేసి, స్కాన్ టైలర్‌తో వంకర సరిచేశాకే టెసరాక్ట్‌కు గానీ గూగుల్ డాక్స్‌కు గానీ ఇచ్చి, బొమ్మలోని అక్షరాలను టైపు అక్షరాలుగా మార్పించండి. అలా మార్చేటప్పుడు మ, వు తారుమారవుతాయి. ధ, థ కూడా. అరసున్నలు ఎగిరిపోతాయి. పద్యాల్లో అది యతిప్రాసల దాకా పోతుంది కనుక పద్యం మాత్రం మనిషే దిద్దాలి.

ఇలా పాత పుస్తకాల పేజీలు వాడేటప్పుడు హక్కుల సంగతి కూడా చూసుకోవాలి. మన కాపీరైట్ చట్టంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు ఆ లెక్కన 2014 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. హక్కులున్న పుస్తకం నుంచి బోధన కోసం పేజీలు ఇచ్చే వెసులుబాటు 52వ సెక్షన్‌లో ఉంది. దాన్ని క్లాసు వరకే ఉంచండి, యూట్యూబ్ కింద లింకుగా పెట్టకండి.