నీ కథలోని తుపాకి గుండు గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి ఒకే ఒక్క వాక్యం కోసం. "తుపాకి పేలింది, జింక పిడుగు పడ్డట్టు కూలిపోయింది" అని రాశావు. అంతవరకూ నీ వెంటే నడిచాను. టెక్సస్ హిల్ కంట్రీలో తెల్లవారుజాము చలి, మంచె మీద పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోలేని తండ్రీకొడుకులు, ఫ్లాస్కు మూత తీసిన చప్పుడుకే తండ్రి కళ్లెర్రజేయడం, అన్నీ నిజంగా ఉన్నాయి. ఇంత చక్కగా కట్టిన ఇంటికి ఆ ఒక్క దూలం చెదపట్టింది.

నీ నాయకుడి చేతిలో 223 రెమింగ్టన్ రైఫిల్ ఉంది. గుండు బరువు 55 గ్రెయిన్లు. నక్కల్లాంటి కాయోటీలను కొట్టడానికి చేసిన రకం, చవకగా దొరికిందని కొన్నాడు. దూరం 200 గజాలు. జింక కొంచెం ఎదురుగా తిరిగి ఉంది, గుండు భుజానికి తగిలింది. ఈ వివరాలన్నీ నువ్విచ్చినవే. వీటిని కలిపి చూస్తే, ఆ తర్వాత జరిగేది నువ్వు రాసింది కాదు.

రైఫిల్ గుండు అంటే సాధారణంగా సీసపు ముద్ద, దాని మీద రాగి తొడుగు. ఆ తొడుగు ఎంత మందంగా ఉంది, సీసాన్ని ఎంత గట్టిగా పట్టుకుంది అన్న దాని మీదే గుండు స్వభావం ఆధారపడుతుంది. కాయోటీ గుండుకు తొడుగు పలచన. తగిలీ తగలగానే చితికి ముక్కలు కావడమే దాని పని. చిన్న జంతువులో ఆ పని క్షణంలో ముగుస్తుంది. సెకనుకు సుమారు 3,200 అడుగుల వేగంతో బయలుదేరే అదే గుండు జింక భుజపుటెముకకు తగిలితే పైపైనే చితికిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. బయటికి ఘోరమైన గాయం కనిపిస్తుంది. లోపల ఊపిరితిత్తులకు ఏమీ కాదు. జింక మూడు కాళ్ల మీద పరుగెత్తుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఈ దేశం వచ్చిన మూడో ఏట అడిగి తెచ్చుకున్న రైఫిల్‌తో, దానితో పాటు ఇచ్చిన తూటాలతో వేటకు వెళ్లాను. వాటిలో ఎలాంటి గుండు ఉందో అడగాలని కూడా నాకు తెలియదు. ఆడజింక, దాదాపు నువ్వు చెప్పిన కోణమే, భుజం మీదే తగిలింది. చీకటి పడేదాకా వెతికాం. మర్నాడు పొద్దున వాగు పక్కన దొరికింది. అది పడుకున్న చోట గడ్డి నలిగి, చుట్టూ నేల దువ్వినట్టు అయిపోయి ఉంది. చాలాసేపు బతికే ఉందని ఆ గడ్డి చెప్పింది. చర్మం ఒలిస్తే భుజం మాంసంలో ఇసుక చల్లినట్టు సీసపు నలుసులు. ఒక్కటి కూడా పక్కటెముకలు దాటలేదు.

ఆ తర్వాత రాసిన నా మొదటి వేట కథలో ఆ గడ్డిని దాచేశాను. జింక అక్కడికక్కడే కూలినట్టు రాశాను. నీ వాక్యాన్ని అంత త్వరగా గుర్తుపట్టింది అందుకే.

కాబట్టి ముందు మాటలు సరిచూసుకో. తూటా వేరు, గుండు వేరు. ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున రంజకం, పైన గుండు, ఇవన్నీ కలిస్తే తూటా. 223 రెమింగ్టన్ అన్నది తూటా పేరు. అందులోంచి వెళ్లే గుండు వ్యాసం 0.224 అంగుళాలు. అదే 223 తూటాలో పలచని తొడుగు గుండూ ఉండవచ్చు, జింకను నిలకడగా పడగొట్టే గుండూ ఉండవచ్చు. నువ్వు తుపాకి పేరు మూడుసార్లు చెప్పి, గుండు రకాన్ని చవకబేరంగా ఒక్కసారి చెప్పి వదిలేశావు. కథలో తలకిందులైంది అక్కడే. ఇక గ్రెయిన్ అంటే గింజ. మన కంసాలులు గురివింద గింజతో బంగారం తూచినట్టు ఇంగ్లీషువాళ్లు ధాన్యపు గింజను కొలతగా పెట్టుకున్నారు. ఏడు వేల గ్రెయిన్లు ఒక పౌండు. అంటే నీ నాయకుడి గుండు మూడున్నర గ్రాములు, చెంచాడు చక్కెర కన్నా తక్కువ. ఈ పోలిక నీ పాఠకుడి చేతిలో పెట్టు. అంత చిన్న వస్తువు మీద అంత పెద్ద ప్రాణం భారం వేస్తున్నామని అతనికే తెలుస్తుంది.

జింకకు కావలసిన గుండు ముందుభాగం విచ్చుకోవాలి, వెనకభాగం చెదరకుండా లోతుకు పోవాలి. దీని వెనక ఒక మంచి కథ ఉంది. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ వేటకు వెళ్లాడు. మూస్ అంటే మన కణుజును మించిన భారీ జంతువు. ఎండిన బురద పట్టిన దాని చర్మానికి తగిలి ఆయన గుండ్లు లోపలికి పోకుండా చితికిపోయాయి. ఇంటికి వచ్చి గుండు మధ్యలో రాగి గోడ పెట్టి, ముందో సీసపు గది, వెనకో సీసపు గది చేశాడు. ముందుది విచ్చుకుంటుంది, గోడ వెనక ఉన్నది అలాగే సాగిపోతుంది. పార్టిషన్ అని దానికి పేరు. 223 వంటి చిన్న తూటాల కోసం 60 గ్రెయిన్లలో కూడా అది దొరుకుతుంది. సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ గుండ్లున్నాయి, సీసమే లేని రాగి గుండ్లూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి ఏ వేటకైనా సీసం లేని గుండే వాడాలి. అక్కడి కాండోర్ రాబందులు వేటగాళ్లు వదిలిన పేగులు తిని సీసపు విషంతో చచ్చిపోతుండటం దీనికి పెద్ద కారణం.

మంచి గుండు కొన్నంత మాత్రాన సరిపోదు. తుపాకి గొట్టం లోపలి మెలికల గాడులు దాన్ని తగినంత తిప్పాలి. గుండు పొడవైన కొద్దీ వేగంగా తిరగాలి, లేకపోతే గాలిలో తూలుతుంది. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకు రాగి గుండు ఇంకా పొడవు. ఈ చిన్న లెక్క తప్పడం వల్ల ఒక తూటా బతుకే పాడైంది. 1955లో రెండు తూటాలు వచ్చాయి, 243 విన్చెస్టర్, 244 రెమింగ్టన్. రెండింటి గుండు వ్యాసం ఒకటే. 244 చేసినవాళ్లు దీన్ని కొనేవాడు చిన్న జంతువులను కొడతాడని అనుకుని, గాడులను 12 అంగుళాలకు ఒక చుట్టు చొప్పున తిప్పి, 90 గ్రెయిన్ల గుండు దగ్గర ఆగారు. 243 వాళ్లు 10 అంగుళాలకే చుట్టు తిప్పి 100 గ్రెయిన్ల గుండు ఇచ్చారు. కొనేవాడికి ఒకే రైఫిల్‌తో కాయోటీ, జింక రెండూ కావాలి. జనం 243 వైపు పోయారు. 1963లో 244కు 6 ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చి, 9 అంగుళాల చుట్టుతో రైఫిళ్లు తెచ్చినా పోయిన చోటు తిరిగి రాలేదు. నాకైతే ఇందులో ఒక నవలకు సరిపడా విషాదం కనిపిస్తుంది.

నీ నాయకుడిది తండ్రి వాడిన పాత రైఫిల్ అన్నావు. పాత 223లలో చాలావాటికి చుట్టు 12 అంగుళాలే. కొడుకు పొడుగాటి గుండు కొని తెస్తే తండ్రి వద్దంటాడు. వద్దనడానికి కారణం చెప్పడు. నీ ఇద్దరి మధ్య మాట్లాడుకోలేనితనం అంతా ఈ ఒక్క తూటాల అట్టపెట్టె మీద చూపించవచ్చు కదా!

నన్నడిగితే ఆ కుర్రాడికి 243 ఇప్పించి, 95 లేదా 100 గ్రెయిన్ల గట్టి గుండు పెట్టిస్తాను. తుపాకి వెనక్కి తన్నే దెబ్బ అతని భుజానికి పెద్దగా తగలదు, కొత్తవాడు ఉలిక్కిపడడు. కానీ నీ కథకు 223యే మంచిది, ఎందుకంటే దానితో పొరపాటుకు చోటు తక్కువ. హిల్ కంట్రీ తెల్లతోక జింకలు ఉత్తరాది వాటికన్నా చిన్నవి, సరైన గుండుతో, సరైన కోణంలో 223 చాలు. మిన్నెసోటాలో 200 పౌండ్లు దాటిన మగజింక మీద నేను దాన్ని ఎత్తను.

చట్టం కూడా చూసుకో. టెక్సస్‌లో రిమ్‌ఫైర్ తూటాలతో, అంటే అడుగు అంచులోనే రంజకం ఉండేవాటితో, జింకను వేటాడకూడదు, 223 మాత్రం చెల్లుతుంది. వర్జీనియాలో 0.23 అంగుళాల కన్నా చిన్న రైఫిల్ చెల్లదు. కొలరాడోలో కనీసం 0.24 అంగుళాలు, జింకకైతే గుండు 70 గ్రెయిన్లకు తగ్గకూడదు. రెండో భాగంలో కథను కొలరాడోలోని డెన్వర్ వైపు తీసుకెళ్లాలనుకుంటున్నానని రాశావు. అదే రైఫిల్‌తో వెళితే నీ నాయకుడు నేరస్థుడవుతాడు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద జింక వేట మొత్తంగానే నేరం. గుంటూరులోనో కరీంనగర్‌లోనో కూర్చుని నీ కథ చదివేవారికి, అమెరికాలో వేటకు లైసెన్సు, సీజను, తుపాకులూ తూటాల మీద 1937 నాటి చట్టం కింద వన్యప్రాణి సంరక్షణకు పోతున్న పన్ను, ఇవన్నీ ఉన్నాయని ఒక పంక్తిలోనైనా తెలియజెయ్యి. లేకపోతే వారు మొదటి పేజీలోనే నీ నాయకుణ్ణి దొంగవేటగాడిగా చూస్తారు.

ఇప్పుడు ఆ వాక్యం. దూరం 80 గజాలు చెయ్యి. జింకను పూర్తిగా పక్కకు తిప్పు. గుండు భుజం వెనక, ఊపిరితిత్తుల మీదుగా పోనీ. అయినా అది కూలిపోదు. వెన్నెముకకో మెదడుకో తగిలితే తప్ప పిడుగు పడ్డట్టు కూలడం అరుదు. ఊపిరితిత్తులకు తగిలిన జింక యాభై, వంద గజాలు పరుగెత్తి పొదల్లో పడుతుంది. చిన్న గుండు చేసే రంధ్రం పెన్సిల్ మందమే, అవతలికి దూసుకుపోకపోతే నేల మీద నెత్తురు దాదాపు కనిపించదు. తండ్రీకొడుకులు మంచె మీదే అరగంట ఆగాలి. దిగి వెతకాలి. గడ్డిపరక మీద నురగ కలిసిన గులాబీ రంగు నెత్తురు కనిపిస్తే ఊపిరి పీల్చుకోవాలి, నెత్తురులో ఆకుపచ్చ కలిసి వాసన వేస్తే పేగులకు తగిలిందని భయపడాలి. నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ అరగంటలో తండ్రి తొలిసారి ఏదో మాట్లాడతాడనిపిస్తోంది. ఏం మాట్లాడతాడో నాకు తెలియదు, అది నీ పని.

ఇక్కడ సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అంతకు రెండు వారాల ముందు వీలు చూసుకుని రా. తుపాకి కాల్చి సాధన చేసే రేంజికి వెళదాం. నాలుగు రకాల గుండ్లు కోయించి ఉంచాను, లోపలి గోడలు, తొడుగుల మందాలు కళ్లతో చూడు. మీ అత్తయ్య గోంగూర పచ్చడి పెట్టి ఉంచుతానంది.

ఆ పేజీ తిరగరాసి తీసుకురా.

శాన్ ఆంటోనియో నుంచి,
నీ మేలు కోరే మామయ్య