పురుటి తర్వాత వచ్చే దిగులు

ప్రశ్న: మా అమ్మాయికి 26 ఏళ్ళు. తొలి కాన్పు, సిజేరియన్ అయి ఏడు వారాలైంది. మా ఇంట్లోనే ఉంది. మూడు వారాలుగా ఊరికే కన్నీళ్ళు పెట్టుకుంటోంది. బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టడం లేదు, తిండి సహించడం లేదు, ‘వీణ్ణి పెంచడం నా వల్ల కాదు’ అంటోంది. కాన్పులో రక్తం ఎక్కువగా పోయింది. కడుపుతో ఉన్నప్పుడు వాడిన థైరాయిడ్ మాత్రలను ఇంటికి రాగానే మానేసింది. గాలి సోకిందని వియ్యపురాలు తాయెత్తు కట్టించారు. పాలిచ్చే తల్లి మందులు వాడవచ్చునా? కొన్నాళ్ళు బిడ్డను నేనే వేరే గదిలో ఉంచుకోమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: కాన్పైన మూడో నాలుగో రోజున కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు పడడం సగానికి పైగా బాలింతల్లో కనిపిస్తుంది, రెండు వారాల్లోపు దానంతటదే సర్దుకుంటుంది. మీ అమ్మాయిది ఆ దశ దాటిపోయింది. మీరు రాసిన లక్షణాలు ప్రసవానంతర డిప్రెషన్‌ను సూచిస్తున్నాయి. ఇది అరుదైనదేమీ కాదు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం బాలింతల్లో దాదాపు 22 శాతం మంది దీని బారిన పడుతున్నారు.

అయితే మనసుకు చికిత్స మొదలుపెట్టేటప్పుడే ఒంటిని కూడా పరీక్షించాలి. థైరాయిడ్ మాత్ర కాన్పు తర్వాత కొనసాగించాలా, మోతాదు తగ్గించాలా, ఆపాలా అన్నది ఆరు వారాలకు చేసే టి.ఎస్.హెచ్. (థైరాయిడ్ పనితీరును తెలిపే రక్తపరీక్ష) చూసి వైద్యులు తేల్చవలసిన విషయం. పైగా కొందరికి కాన్పైన ఏడాదిలోపు థైరాయిడ్ గ్రంథికి వాపు వచ్చి, మొదటి నెలల్లో హార్మోను ఎక్కువై గుండెదడ, ఆందోళన, నిద్రలేమి కలుగుతాయి, ఆ తర్వాత అదే హార్మోను తగ్గిపోయి నీరసం, మందకొడితనం, దిగులు వస్తాయి. రక్తం ఎక్కువగా పోయిందన్నారు కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూపించండి, రక్తహీనత ఉన్న మనిషికి బిడ్డను ఎత్తుకోవడమే భారంగా తోస్తుంది. ఈ పరీక్షల్లో లోపం బయటపడినంత మాత్రాన డిప్రెషన్ లేదని అనుకోవద్దు, అన్నీ సరిగ్గా ఉన్నాయని వస్తే ‘ఇదంతా నటన’ అని కూడా ఎవరూ అనకూడదు.

మీరు అడగకపోయినా పథ్యం గురించి ఒక మాట. బాలింతకు దాహమేసినా నీళ్ళు కొలిచి ఇచ్చే ఆచారం ఇంకా కొన్ని ఇళ్ళల్లో ఉంది. దాని మీద నాకు ఏమాత్రం గౌరవం లేదు. కాన్పు తర్వాత కొన్ని వారాల పాటు రక్తానికి గడ్డకట్టే స్వభావం ఎక్కువగా ఉంటుంది, దానికి ఒంట్లో నీరు తగ్గడం కూడా తోడైతే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, మాట తడబడడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

అంత అత్యవసరమైనదే ప్రసవానంతర సైకోసిస్, అంటే వాస్తవమేదో భ్రమ ఏదో తెలియకుండా పోయే తీవ్రమైన మానసిక జబ్బు. ఇది వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో వస్తుంది. నిద్ర లేకపోయినా అలసట తెలియకపోవడం, లేని మాటలు వినిపించడం, బిడ్డను ఎవరో మార్చేశారని అనుమానించడం దాని గుర్తులు. మీ ఉత్తరంలో అవి లేవు. అయినా, చనిపోవాలని గాని బిడ్డకు హాని చేయాలని గాని ఎప్పుడైనా అనిపించిందా అని అమ్మాయిని మీరు నేరుగా, నెమ్మదిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్యులకు చూపించాలి.

పాలిచ్చే తల్లులు వాడదగిన మందులున్నాయి. ఉదాహరణకు సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు పాలలోకి చాలా స్వల్పంగా మాత్రమే వెళుతుంది. ఏ మందు, ఎంత మోతాదు అన్నది సైకియాట్రిస్టు నిర్ణయిస్తారు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, తేరుకున్నాక కూడా నెలల తరబడి వాడవలసి ఉంటుంది కనుక కాస్త బాగుందనగానే మానేయకూడదు. తీవ్రత తక్కువైతే కౌన్సెలింగ్ ఒక్కటే సరిపోవచ్చు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

బిడ్డను పూర్తిగా వేరు చేయవద్దు. ఆసుపత్రిలో చేరిన తల్లి దగ్గర నుంచి కూడా మూడేళ్ళలోపు బిడ్డను సాధారణంగా విడదీయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచే వార్డు కూడా ఉంది. రాత్రిపూట సంగతి వేరు. పాలు పట్టిన వెంటనే బిడ్డను మీరు తీసుకుని, గుడ్డలు మార్చడం, జోకొట్టడం మీరో అల్లుడుగారో చూసుకుంటే అమ్మాయికి నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్ర దొరుకుతుంది. పిండిన పాలు ఉంటే మధ్యలో లేపనక్కరలేదు.

ఇక తాయెత్తు సంగతి. ఉండనివ్వండి, దాని కోసం వియ్యపురాలితో తగవు వద్దు. ఈ వారంలోనే ఆవిడను కూడా వెంటబెట్టుకుని వైద్యుల దగ్గరకు వెళ్ళండి. ఒకసారి ఇలా జరిగినవారికి మళ్ళీ కాన్పులో తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి ఇప్పటి కాగితాలన్నీ దాచి, రెండో కాన్పు నాటికి గైనకాలజిస్టుకు ముందుగానే చూపించండి.