ఫ్లెక్సో ఉండగా ఇంక్‌జెట్ ప్రెస్ కొనాలా? నా అనుభవం ఇదీ

మీరు అడిగింది ఇదే కదా: రెండు ఫ్లెక్సో మెషిన్లున్నాయి (వంగే ప్లేట్లతో లేబుళ్లు అచ్చు వేసేవి), ఆర్డర్లేమో చిన్నచిన్నవైపోతున్నాయి, లేబుల్ వాళ్లంతా యూవీ ఇంక్‌జెట్ (ప్లేట్లు లేకుండా ఫైల్ నుంచే ఇంక్ చుక్కలు వేసి, యూవీ కాంతితో గట్టిపరిచేది) వైపు వెళ్తున్నారు, మనమూ కొనాలా అని. పదేళ్లకు పైగా ఫ్లెక్సో నడిపి తర్వాత ఇంక్‌జెట్‌కి వచ్చినవాణ్ణి కాబట్టి, నేను చూసింది చెప్తాను.

స్పీడ్ చూసి మాత్రం కొనకండి. మంచి ఫ్లెక్సో మెషిన్ నిమిషానికి 150 మీటర్లు సునాయాసంగా లాగేస్తుంది. చాలా ఇంక్‌జెట్ ప్రెస్‌లు 50–75 మీటర్ల దగ్గరే ఉంటాయి, తెల్ల ఇంక్ చిక్కగా వేయమంటే ఇంకా నెమ్మదిస్తాయి. అయినా ఇంక్‌జెట్ పెరుగుతోందంటే కారణం మెషిన్ తిరిగే టైమ్‌లో లేదు, ఆగి ఉండే టైమ్‌లో ఉంది. 6 రంగుల జాబ్ ఫ్లెక్సోకి ఎక్కించాలంటే 6 ప్లేట్లు చేయించాలి, వాటిని సిలిండర్లకి అతికించాలి, అవసరమైతే అనిలాక్స్ (ప్లేట్‌కి ఇంక్ కొలిచి అందించే రోలర్) మార్చాలి, ఇంక్ ట్రేలు కడగాలి, రిజిస్ట్రేషన్ (రంగులన్నీ సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడటం) కుదిరేదాకా మెటీరియల్ పారేస్తూ పోవాలి. 500 మీటర్ల ఆర్డర్‌కి 300 మీటర్లు వేస్టేజ్ కింద పోయిన రోజులున్నాయి నాకు. ఒకే షాంపూ 8 వాసనల్లో వచ్చిందనుకోండి, కనీసం ఒకటి రెండు ప్లేట్లయినా మార్చుకుంటూ అదే తంతు 8 సార్లు. ఇంక్‌జెట్‌లో ఒక ఫైల్ అవగానే అదే రోల్ మీద రెండోది వచ్చేస్తుంది.

ఖర్చు సంగతికొస్తే, ఇంక్‌జెట్ ఇంక్ ఫ్లెక్సో ఇంక్ కంటే చాలా ఖరీదు. పైగా 100 లేబుళ్లకైనా లక్షకైనా ఒక్కో లేబుల్‌కి పట్టే ఇంక్ అంతే, ఆర్డర్ పెరిగినా తగ్గదు. ఇన్ని మీటర్ల లోపు ఇంక్‌జెట్, ఆపైన ఫ్లెక్సో అని ఎవరైనా ఒకే అంకె చెప్తే నమ్మకండి. నాలుగు లైన్ల అక్షరాలున్న లేబుల్‌కీ, అంచు నుంచి అంచుదాకా ముదురు రంగు నింపిన లేబుల్‌కీ ఆ అంకె వేరు. గత 6 నెలల జాబ్ కార్డులు తీసి, ఒక్కో డిజైన్‌కి ఎన్ని మీటర్లు నడిచిందో, ఎంతసేపు మెషిన్ ఆగిందో రాసుకోండి. మీ లెక్క మీ కార్డుల్లోనే ఉంది.

ఇప్పుడు నేను తిన్న దెబ్బ. ఫ్లెక్సోలో బార్‌కోడ్ గీతలు వెబ్ (మెషిన్‌లో పరుగెత్తే రోల్ మెటీరియల్) నడిచే దిశలోనే ఉండేలా పెడతాం. అడ్డంగా పెడితే ప్లేట్ సాగుడికీ ఒత్తిడికీ గీతలు లావెక్కి స్కానర్‌కి అందవు. ఆ అలవాటుతోనే ఇంక్‌జెట్‌కీ అదే లేఅవుట్ పంపించాను. కానీ ఇక్కడ ఇంక్ వేసే హెడ్ కదలదు, దాని కింద నుంచి రోల్ పోతుంది. హెడ్‌లో ఒక నాజిల్ (ఇంక్ చుక్క వచ్చే సన్న రంధ్రం) మూసుకుపోతే రోల్ పొడవునా సన్నటి తెల్ల చార పడుతుంది. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) అది 0.04 మిల్లీమీటర్ల వెడల్పే, పక్క చుక్కలు పరుచుకుని చాలాసార్లు కప్పేస్తాయి. పక్కపక్కన రెండు నాజిల్స్ పోతే మాత్రం కప్పలేవు. మామూలు 13 అంకెల బార్‌కోడ్‌ని 80 శాతానికి కుదిస్తే సన్న గీత వెడల్పు 0.26 మిల్లీమీటర్లే. మా చార సరిగ్గా ఒక గీత మధ్యలో పడి దాన్ని రెండుగా చీల్చింది. కంటికి ఆనలేదు, కస్టమర్ ప్యాకింగ్ లైన్‌లో స్కానర్‌కి దొరికింది. రోల్స్ అన్నీ వెనక్కొచ్చాయి. తర్వాత కస్టమర్‌ని ఒప్పించి బార్‌కోడ్‌ని 90 డిగ్రీలు తిప్పించాం. అలా తిప్పితే చార గీతలన్నిటికీ అడ్డంగా పడుతుంది, స్కానర్ దాని పైనో కిందో చదివేసుకుంటుంది. పదేళ్లు ఒకటే రూల్ పాటించి, మెషిన్ మారగానే దాన్నే తిరగేయాల్సి వచ్చింది!

తెల్ల ఇంక్‌తో ఇంకో తలనొప్పి. అందులో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువైనది, కదలకుండా ఉంచితే అడుక్కి దిగిపోతుంది. అందుకే ఇంక్‌ని తిప్పుతూ ఉండే సర్క్యులేషన్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. సెలవులకి మెయిన్ స్విచ్ ఆపేసి ఇంటికెళ్లే అలవాటుంటే ఇప్పుడే మానుకోండి.

ఆహారం ప్యాకింగ్ లేబుళ్లు చేస్తున్నారా? అయితే యూవీ ఇంక్ సరిగా క్యూర్ కాకపోతే (గట్టిపడకపోతే), అందులోని ఫొటో ఇనిషియేటర్లు (కాంతి తగలగానే ఇంక్‌ని గట్టిపరిచే రసాయనాలు) ప్యాకింగ్ గుండా లోపలికి చేరే అవకాశం ఉంది. తక్కువ మైగ్రేషన్ ఇంక్ (అలా లోపలికి చేరడం తక్కువగా ఉండేది) ఉందా, దానికి రాతపూర్వకంగా హామీ ఇస్తారా అని ముందే అడగండి.

డిజిటల్ అన్నదల్లా ఇంక్‌జెట్ కాదు, ఇది కూడా గుర్తుంచుకోండి. 1993లో మొదటి ప్రెస్ తెచ్చిన ఇండిగో ఇప్పుడు హెచ్‌పీది. అది ద్రవ ఇంక్‌ని బ్లాంకెట్ (రబ్బరు పొర) మీదుగా బదిలీ చేస్తుంది, నాజిల్స్ ఉండవు. రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ తేడా మర్చిపోతే లెక్క తప్పుతుంది.

చాలామంది లెక్కలో వేసుకోనిది ఫినిషింగ్. ప్రింటింగ్ అరగంటలో అయిపోయి, డై (లేబుల్‌ని ఆకారంలో కోసే అచ్చు) కోసం 3 రోజులు ఆగిన జాబ్‌లు నేను చూశాను. రోజుకి 20 చిన్న జాబ్‌లు ప్రింట్ అవుతున్నప్పుడు డై కటింగ్, స్లిట్టింగ్ (రోల్‌ని సన్న రోల్స్‌గా చీల్చడం), రివైండింగ్ (మళ్లీ చుట్టడం) కూడా 20 సార్లు మారాలి కదా. సెమీ రోటరీ డై కటింగో, లేజర్ కటింగో పెట్టే ఆలోచన లేకపోతే, ఇంక్‌జెట్ ఆదా చేసిన టైమంతా పక్క టేబుల్ దగ్గర క్యూ కట్టి నిలబడుతుంది.

డెమోకి వెళ్తే వాళ్లిచ్చే శాంపిల్ చూసి మురిసిపోకండి. మిమ్మల్ని ఎక్కువ ఏడిపించిన జాబ్ ఫైల్, మీ రోల్ పట్టుకెళ్లండి. ప్రింట్ అయ్యాక మెషిన్‌ని గంటసేపు ఆపించి, మళ్లీ నడిపించమనండి. నాజిల్ చారలు పడ్డాయేమో మొదటి 10 మీటర్లు భూతద్దం పెట్టి చూడండి.