మూడో వంతు ఎందుకు, సగం ఎందుకు కాదు?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి తొమ్మిదో తరగతి. శంకువు ఘనపరిమాణం స్థూపంలో మూడో వంతు అని పుస్తకంలో ఉంటే, నిజమేనా అని ఇంట్లో చేసి చూశాం. 10 సెంటీమీటర్ల మూతి, 12 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కాఫీపొడి డబ్బా తీసుకున్నాం. అదే మూతితో, అంచు పొడవు 12 సెంటీమీటర్లు ఉండేలా చార్టు కాగితంతో శంకువు చుట్టి, బొంబాయి రవ్వ నింపి పోశాం. మూడుసార్లు పోసినా డబ్బా నిండలేదు, పైన వేలు అడ్డం పెట్టేంత ఖాళీ మిగిలింది. పైగా వాడు, "పక్క నుంచి చూస్తే శంకువు త్రిభుజంలా, డబ్బా దీర్ఘచతురస్రంలా ఉంటాయి. త్రిభుజం సగం కదా, మరి శంకువు సగం ఎందుకు కాదు?" అంటున్నాడు. వాడికి ఏం చెప్పాలి?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, ముందు ఆ వేలెడు ఖాళీ సంగతి చూద్దాం. అది ఎంత ఉండాలో మీ కొలతలే చెబుతున్నాయి. మీరు 12 సెంటీమీటర్లు కొలిచింది శంకువు అంచు వెంబడి, అంటే ఏటవాలు ఎత్తు. సూత్రంలో కావలసింది కొన నుంచి మూతి మధ్యకు నిలువుగా ఉండే ఎత్తు. వ్యాసార్థం 5, ఏటవాలు 12 అయితే 144లోంచి 25 తీసేసి, మిగిలిన 119కి వర్గమూలం కట్టాలి. నిలువు ఎత్తు 10.9 సెంటీమీటర్లు వస్తుంది. అటువంటి శంకువుతో మూడుసార్లు పోస్తే డబ్బాలో రవ్వ 10.9 దగ్గరే ఆగుతుంది. మిగిలేది 1.1 సెంటీమీటర్లు, సరిగ్గా మీ వేలి మందం. మీరు ఎంత జాగ్రత్తగా పోశారో ఆ ఖాళీయే సాక్ష్యం.

ఈసారి 13 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, అందులో 138 డిగ్రీల ముక్క కత్తిరించండి. అతికించడానికి అంచున కాస్త కాగితం అదనంగా వదలండి. చుట్టి అతికిస్తే మూతి 10, నిలువు ఎత్తు 12 వస్తాయి. శంకువులో సుమారు 314 ఘనపు సెంటీమీటర్లు పడతాయి, డబ్బాలో 942. రవ్వ పోసిన ప్రతిసారీ స్కేలుతో మూతి మీద చదును చేయండి. గోపురంలా పోస్తే లెక్క తప్పుతుంది.

ఇక మీ అబ్బాయి ప్రశ్న. ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పాను. ఈ అధ్యాయంలో అంతకన్నా మంచి ప్రశ్న లేదని నా నమ్మకం. అందరూ సూత్రం బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటుంటే, "సగం కదా?" అని ఆగే పిల్లవాడు బొమ్మను నిజంగా చూస్తున్నాడన్నమాట. వాడిని ఎవరూ తక్కువచేసి మాట్లాడకూడదు. క్రీ.శ. 499లో ఆర్యభటుడు త్రిభుజం పీఠంగా ఉన్న పిరమిడ్‌కు పీఠం వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి సగం చేయమన్నాడు. త్రిభుజంలో సగం వచ్చింది కాబట్టి ఇక్కడా సగమే అన్న ఆలోచన ఎంత మేధావికైనా సహజంగా తడుతుంది. దాన్ని 628లో బ్రహ్మగుప్తుడు సరిచేశాడు. గోతుల లెక్కలు చెబుతూ, వైశాల్యాన్ని లోతుతో గుణిస్తే సమంగా తవ్విన గొయ్యి ఫలం వస్తుందనీ, దాన్ని మూడుతో భాగిస్తే "సూచి" ఫలం వస్తుందనీ రాశాడు. సూచి అంటే సూది, కొనదేలిన ఆకారం.

మూడు ఎక్కడి నుంచి వచ్చిందో వాడి కళ్లకు కనిపించాలంటే నాణేల దొంతరలా ఊహించమనండి. ఒకే మందం ఉన్న పది బిళ్లలు, వ్యాసార్థాలు పై నుంచి 1, 2, 3... 10. పక్క నుంచి చూస్తే వెడల్పులు కూడా 1, 2, 3... 10 నిష్పత్తిలోనే. వాటి మొత్తం 55, పూర్తి దీర్ఘచతురస్రానికి 100. సగానికి దగ్గర. వాడు చూసింది ఇదే. కానీ బిళ్లలో పట్టేది వెడల్పును బట్టి కాదు, వైశాల్యాన్ని బట్టి. వైశాల్యం వ్యాసార్థపు వర్గంతో పెరుగుతుంది. 1, 4, 9, 16... 100 కూడితే 385. డబ్బాకు పది వందలు, అంటే 1000. బిళ్లలను పలచన చేసి 20 పెడితే 8000కు 2870, అంటే నూటికి 35.9. వంద పెడితే 10,00,000కు 3,38,350, నూటికి 33.8. బిళ్లలు పలచబడుతున్నకొద్దీ అది మూడో వంతు వైపే దిగుతుంది. ఈ కూడికలు వాడి చేతే చేయించండి, మీరు చేసి చూపించకండి.

తరగతిలో నేను మరొకటి కూడా చూపేవాడిని. ఘనంలో ఒక మూలను కొనగా తీసుకుని, ఆ మూల తాకని మూడు ముఖాలను ఒక్కొక్కటి పీఠంగా పెట్టి అట్టతో మూడు పిరమిడ్లు చేసేవాణ్ని. మూడూ ఒకే కొలత. వాటిని విడివిడిగా పిల్లల చేతికిచ్చి కలపమంటే, కాసేపు అటూ ఇటూ తిప్పాక మూడో ముక్క ఒదిగి ఘనం తయారయ్యేది. ఆ క్షణంలో తరగతంతా నిశ్శబ్దమైపోయేది. శంకువైనా పిరమిడైనా సగం ఎత్తులో కోస్తే కోత వైశాల్యం పీఠంలో నాలుగో వంతే. ప్రతి ఎత్తులోనూ రెండింటిదీ ఒకే నిష్పత్తి కాబట్టి, పిరమిడ్‌కు మూడో వంతయితే శంకువుకూ మూడో వంతే.

గ్రీకు దేశంలో ఈ సంగతి నిరూపణ లేకుండా మొదట చెప్పింది డెమోక్రిటస్ అనీ, నిరూపించింది యుడోక్సస్ అనీ ఆర్కిమిడీస్ రాశాడు. నిరూపించకపోయినా మొదట చెప్పినవాడికీ తక్కువ గౌరవం దక్కకూడదన్నాడు. మీ అబ్బాయికి ఈ మాట తప్పక చెప్పండి.

ప్రశ్న: కళ్లంలో ధాన్యం రాశి పోశాక ఎన్ని బస్తాలు అవుతాయో మా తాత తాడుతో చుట్టూ కొలిచి చెప్పేవాడు. దాని వెనక లెక్క ఏమిటి?
– ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: చదునైన నేల మీద ధారగా పోసిన గింజలు తమంతట తామే శంకువుగా నిలుస్తాయి. ఏ గింజకు ఎంత వాలు అన్నది దాదాపు స్థిరం. అందుకే చుట్టుకొలత తెలిస్తే ఎత్తు తెలిసినట్టే. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో దీన్ని సూత్రంగానే చెప్పాడు: ముల్లుగింజల (వడ్లలా కొనకు ముల్లు ఉండే గింజల) రాశికి ఎత్తు చుట్టుకొలతలో తొమ్మిదో వంతు, లావు గింజలకు పదో వంతు, సన్న గింజలకు పదకొండో వంతు. చుట్టుకొలతలో ఆరో వంతును వర్గం చేసి ఎత్తుతో గుణిస్తే ఘనఫలం.

మీ రాశి చుట్టూ తాడు 9 మీటర్లు వచ్చిందనుకోండి. తొమ్మిదో వంతు లెక్కన ఎత్తు 1 మీటరు. ఆరో వంతు 1.5, దాని వర్గం 2.25, ఎత్తుతో గుణిస్తే 2.25 ఘనపు మీటర్లు. ఇక్కడ π (పై) విలువను 3గా తీసుకున్నారు. 3.14తో కడితే 2.15 వస్తుంది. తేడా ఒక బస్తాకు కాస్త తక్కువ, కళ్లంలో అంచనాకు చాలు. వడ్లు తేమను, రకాన్ని బట్టి ఘనపు మీటరుకు సుమారు 550 నుంచి 600 కిలోలు తూగుతాయి. అంటే 75 కిలోల బస్తాలు 16 లేదా 17. అమ్మకానికి మాత్రం కాటా తూకమే నమ్మండి. తాడు లెక్క, ఎన్ని గోతాలు తెచ్చుకోవాలో ముందుగా తెలుసుకోవడానికి.

ప్రశ్న: పల్లీల పొట్లం సగం లోతు దాకా నేను తిని, మిగతాది చెల్లికి ఇచ్చాను. అది సగం కాదని ఏడుస్తోంది. ఎవరు కరెక్టు?
– ఆరో తరగతి విద్యార్థి, విజయనగరం

జవాబు: చెల్లి. పొట్లం 10 సెంటీమీటర్ల లోతు, 6 సెంటీమీటర్ల మూతి అనుకో. నిండా 94 ఘనపు సెంటీమీటర్లు పడతాయి. సగం లోతులో మూతి కూడా సగమే, అంటే అడుగున మిగిలింది 12 కూడా లేదు. ఎనిమిదో వంతు! రేపటి నుంచి పై నుంచి రెండు సెంటీమీటర్లు దిగగానే ఆగి, పొట్లం చెల్లి చేతికివ్వు.