పది రోజుల మిషన్ ట్రిప్‌తో ఏం ఒరుగుతుంది?

"మా చర్చి సంఘం దూరదేశానికి సేవ కోసం పది రోజుల ట్రిప్ వేస్తోంది. ఆ చార్జీల డబ్బేదో అక్కడి సంఘానికే పంపితే పోదా?" అన్నది మీ ప్రశ్న. చాలా ట్రిప్పుల విషయంలో నా జవాబు: పంపేయండి.

ఇలా కొద్దిరోజులు వెళ్లొచ్చే పద్ధతి మరీ పాతదేం కాదు. 1957లో జార్జ్ వర్వర్ అనే అమెరికన్ విద్యార్థి ఇద్దరు స్నేహితులతో సువార్త పనికి మెక్సికో వెళ్లడం, 1960లో యూత్ విత్ ఎ మిషన్ అనే యువజన మిషనరీ సంస్థ మొదలవడం, ఆ తర్వాతే ఇది బాగా వాడుకైంది. అంతకుముందు మిషనరీ అంటే ఏళ్లు ఉండి భాష నేర్చుకునేవారే. బైబిల్లో అంతియొకయ సంఘం పౌలును, బర్నబాను చేతులుంచి ప్రార్థించి సేవకు పంపిన మాట నిజమే, కానీ పౌలు ఒక్క కొరింథులోనే ఏడాదిన్నర ఉన్నాడు.

అసలు చూడాల్సింది పనిని. మేస్త్రీలున్న ఊళ్లో తాపీ పట్టడం రానివాళ్లు గోడ కడితే ఆ మేస్త్రీలకు కూలి పోతుంది, గోడా వంకరపోతుంది. అదే కంటి డాక్టర్లు వెళ్లి శుక్లాలు తీస్తే అక్కడ లేని నైపుణ్యం అందినట్టు. అయితే మర్నాడు కట్టు విప్పేదెవరు, ఆ తర్వాత చుక్కల మందు ఇచ్చేదెవరు అన్నది ముందే తేలాలి. అనాథాశ్రమంలో పిల్లలతో వారం ఆడి వచ్చేయడం మాత్రం నాకు ససేమిరా నచ్చదు. చేరువైన ప్రతివాళ్లూ వెళ్లిపోతుంటే ఆ పసివాళ్ల గతేమిటి?

మీ సంఘపెద్దలను ఒక్కటి అడగండి: రమ్మన్నది ఎవరు? అక్కడి పాస్టరుగారే ఫలానా పనికి, ఫలానా నెలలో రమ్మని ఉంటే వెళ్లండి, వీలైతే ఏటా అదే చోటికి.