పాత ఆటలకు కొత్త మార్కులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చిన్నప్పుడు ఆడిన వీడియో గేములను ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి ఆడుతూ, ఒక్కొక్కదానికి పదికి ఇన్ని మార్కులని నోటుపుస్తకంలో రాసుకుంటున్నానని ఈ శీర్షికలో ఒకసారి మాటవరసకు ప్రస్తావించాను. దానికి వచ్చిన ఉత్తరాలను బట్టి చూస్తే, ఆ పని చేస్తున్నది నేనొక్కడినే కాదని అర్థమైంది. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నాకు 42 ఏళ్ళు. తొంభైల్లో వేసవి సెలవుల్లో మా అన్నయ్య, నేను కలిసి కాంట్రా ఆటను చివరి దాకా పూర్తి చేసేవాళ్ళం. ఈమధ్య హాల్లోని ఫ్లాట్ టీవీకి తగిలించి ఆడితే మూడో స్టేజి కూడా దాటలేకపోయాను. విసుగొచ్చి పదికి నాలుగు వేశాను. అన్నయ్యకు ఫోన్ చేసి చెబితే, తొమ్మిదికి తగ్గదని కోప్పడ్డారు. తేడా ఆటలో ఉందా, నాలో ఉందా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: వయసు మీద నింద వేసే ముందు టీవీని అనుమానించండి. పిక్చర్ ట్యూబు ఉన్న పాత డబ్బా టీవీ, తనకు అందిన బొమ్మను అందినట్టే గీత తర్వాత గీతగా తెర మీద వేసేసేది. ఫ్లాట్ టీవీ ఆ బొమ్మను ముందు తన దగ్గర ఉంచుకుని, తెరకు సరిపడా సాగదీసి, రంగులు దిద్ది, ఆ తర్వాత చూపిస్తుంది. సినిమా చూసేటప్పుడు ఈ ఆలస్యం ఎవరికీ తెలియదు. కాంట్రాలో మాత్రం, కొన్ని టీవీల్లో సెకనులో పదో వంతు దాకా ఉండే ఆ ఆలస్యం వల్ల, మీరు బటన్ నొక్కిన ఆరు ఫ్రేముల (తెర మీద వరుసగా మారే బొమ్మల) తర్వాత గానీ మీ మనిషి గెంతడం మీ కంటికి కనబడదు. ఒక్క తూటాకే ఒక లైఫ్ పోయే ఆటలో ఆరు ఫ్రేములంటే మాటలు కాదు. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటే దాన్ని ఆన్ చేసి, అదే స్టేజిని మళ్ళీ ఆడి చూడండి.

రెండో అనుమానం వేగం మీద. జపాన్, అమెరికా యంత్రాలు సెకనుకు సుమారు 60 ఫ్రేముల లెక్కన నడిచేవి. మన టీవీలది పాల్ అనే ప్రసార పద్ధతి కనుక, దానికి తగ్గట్టు తయారైన యంత్రాలు 50 ఫ్రేములతో నడిచేవి; 60కి రాసిన ఆటను వాటిలో పెడితే అది ఆరింట ఐదు వంతుల వేగంతోనే సాగేది. మీ ఇంట్లో అప్పుడున్న సెట్ ఆ రకానిదైతే, మీరు చిన్నప్పుడు జయించింది కొంచెం నిదానంగా నడిచే కాంట్రాను. ఇప్పుడు కంప్యూటర్‌లోనో, కొత్త సంకలనంలోనో ఆడుతున్నది అసలు వేగంతో నడిచే కాంట్రాను. అరసెకను పట్టే గెంతు అప్పట్లో 0.6 సెకను పట్టేదన్నమాట. ఆ కాస్త వెసులుబాటులో మీ బొటనవేలు ఎన్ని ప్రాణాలు కాపాడి ఉంటుందో ఆలోచించండి.

ఇక మూడోది, మీ అన్నయ్య. మూడో స్టేజి జలపాతం. రాళ్ళ మీద గెంతుతూ పైకి ఎక్కాలి. ఇద్దరు ఆడుతున్నప్పుడు పైనున్నవాడు ఎక్కేకొద్దీ తెర కూడా పైకి జరుగుతుంది, కింద మిగిలిపోయినవాడు తెర అంచు దాటి కనబడకుండా పోయిన మరుక్షణం అవుటవుతాడు. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎందరో తూటా తగలకుండానే ప్రాణాలు పోగొట్టుకున్న చోటు అది. దాన్ని దాటాలంటే 'ఆగు, ఇప్పుడు ఎక్కు' అని పక్కవాడు అరవాలి. ఆ అరుపుతో కలిపి నేర్చుకున్న ఆటను మీరు ఒంటరిగా ఆడి నాలుగు వేశారు. అన్నయ్య ఆ అరుపుతో సహా గుర్తు పెట్టుకుని తొమ్మిది అంటున్నారు.

నా పుస్తకంలో కాంట్రాకు ఎనిమిది ఉంది. కోనామి సంస్థ 1987లో దీన్ని ఆర్కేడ్ ఆటగా, అంటే నాణెం వేసి ఆడే యంత్రాల ఆటగా విడుదల చేసి, మరుసటి ఏడాది ఇళ్ళలో ఆడే యంత్రాలకు తెచ్చింది. ఎనిమిది స్టేజీలు, చేయి తిరిగినవారికి అరగంట పట్టదు, ఎక్కడా నీళ్ళు కలిపినట్టు ఉండదు. రెండు మార్కులు కోసింది ఎందుకంటే, ఎస్ అక్షరంతో వచ్చే, ఒకేసారి అయిదు తూటాలు విసిరే తుపాకీ లైఫ్‌తో పాటే పోతుంది. సరిగ్గా స్టేజి చివరి పెద్ద శత్రువు, అంటే బాస్ ముందు అది పోతే మామూలు తుపాకీతో ఆ కాస్తా ఆడటం శిక్షలా ఉంటుంది. చట్టబద్ధంగా కొనుక్కుని ఆడాలనుకుంటే, 2019లో కోనామి విడుదల చేసిన కాంట్రా యానివర్సరీ కలెక్షన్ కంప్యూటర్‌కు దొరుకుతుంది. అందులో మనం ఆడిన రూపంతో పాటు, స్టేజీల మధ్య చిన్న కథా దృశ్యాలు, గాలికి ఊగే చెట్లు ఉన్న జపాన్ ఫామికామ్ (అక్కడి నింటెండో యంత్రం) రూపం కూడా ఉంది. రెండింటినీ పక్కపక్కన ఆడి చూడదగ్గది.

ప్రశ్న: మార్కులు వేసేటప్పుడు చిన్ననాటి ఇష్టాన్ని కలుపుకోవాలా, తీసేయాలా? పదికి వేయడం మంచిదా, వందకా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: వందకు వేయవద్దని నా మనవి. 83కూ 84కూ మధ్య తేడా ఏమిటని అడిగితే జవాబు చెప్పగలిగినవారిని నేనింతవరకూ చూడలేదు. జపాన్‌లో ఫామిత్సు పత్రిక ఒక్కో ఆటను నలుగురు సమీక్షకులకిచ్చి, ఒక్కొక్కరితో పదికి మార్కులు వేయించి, మొత్తం నలభైకి లెక్క కడుతుంది. ఆ పత్రికలో మొట్టమొదటిసారి నలభైకి నలభై వచ్చింది 1998 నాటి జెల్డా ఆట అకరీనా ఆఫ్ టైమ్‌కు. ఆ పద్ధతిలో నాకు నచ్చేది, నలుగురు నలుగురుగానే కనబడటం.

మీలో కూడా ఇద్దరున్నారు కనుక ఇద్దరికీ చెరో గడి ఇవ్వండి. నా పుస్తకంలో ఎడమ పేజీలో ఈ వారం ఆడినప్పటి సంగతులు మాత్రమే ఉంటాయి: తేదీ, ఏ యంత్రం, ఏ టీవీ, ఎన్ని గంటలు, ఎక్కడ ఆపేశాను, ఎందుకు ఆపేశాను. అంకె ఆ పేజీకే పడుతుంది. కుడి పేజీ జ్ఞాపకానిది. అక్కడ అంకె ఉండదు, వాక్యాలే ఉంటాయి. సూపర్ మారియో బ్రదర్స్ కుడి పేజీలో, కరెంటు పోయినప్పుడు ఎనిమిదో వరల్డ్‌లో ఉన్నామని మా వీధి పిల్లలందరూ నాలుగు రోజులు చెప్పుకున్న సంగతి ఉంది. దానికి ఎన్ని మార్కులు వేస్తారు చెప్పండి?

అదే ఆట ఎడమ పేజీలో తొమ్మిది ఉంది, ఆ తొమ్మిదిలో జ్ఞాపకం వాటా లేదని ధైర్యంగా చెప్పగలను. 1985లో వచ్చిన ఆ ఆట క్యాసెట్‌లో ప్రోగ్రాము, బొమ్మలు అన్నీ కలిపి 40 కిలోబైట్లు. మేఘానికీ నేల మీది పొదకూ బొమ్మ ఒక్కటే, రంగులే వేరని ఇప్పుడు చూస్తే తెలుస్తుంది. మొదటి స్టేజిని పెద్దవారి కళ్ళతో నిదానంగా ఆడండి. పుట్టగొడుగు శత్రువు ఎదురొస్తుంది, గెంతకపోతే చస్తారు, గెంతడం నేర్చుకుంటారు. ప్రశ్నార్థకం ఉన్న ఇటుకను తలతో కొడితే బయటకు వచ్చిన పుట్టగొడుగు కుడివైపు జారి, గొట్టానికి తగిలి, మీ మీదకే తిరిగి వస్తుంది. పైన ఇటుకలు అడ్డం కనుక భయపడి తప్పించుకుందామని గెంతినా చాలాసార్లు అది తగిలే తీరుతుంది. తగిలాక మారియో పెద్దవాడవుతాడు. అది మేలు చేసేదని ఒక్క అక్షరం రాయకుండా చెప్పేశారు. ఎనిమిదేళ్ళప్పుడు నేను ఆ పాఠం నేర్చుకున్నాను గానీ, అది పాఠమని నలభై దాటాకే గమనించాను. తీసేసిన ఒక్క మార్కు, తప్పు దారి పడితే మళ్ళీ మొదటికి తిప్పే చిక్కుదారుల కోటలకు.

ఒక్క ఆటకు మాత్రం నేను రెండు వేర్వేరు మార్కులు వేశాను. నామ్‌కో సంస్థ 1985లో తెచ్చిన బ్యాటిల్ సిటీ, మనం ట్యాంకుల ఆట అని పిలుచుకున్నది, ఒక్కరే ఆడితే ఆరు, ఇద్దరు ఆడితే తొమ్మిది. స్టేజికి ఇరవై శత్రు ట్యాంకులు, 35 స్టేజీలు, అడుగున ఇటుకల మధ్య కాపాడుకోవలసిన గద్ద బొమ్మ. తోటివాడి గుండు తగిలితే మీ ట్యాంకు చావదు, కాసేపు మిణుకుతూ కదలకుండా ఉండిపోతుంది. తొందరపాటులో మీ గుండే గద్దకు తగిలితే ఇద్దరి ఆటా ముగుస్తుంది. కంప్యూటర్ చేతిలో ఓడినదాని కంటే ఆ రెండు కారణాల వల్ల జరిగిన తగాదాలే ఎక్కువ, అవి ఒంటరిగా ఆడితే రావు.

ప్రశ్న: నా స్విచ్ యంత్రంలో పాత నింటెండో ఆటలు ఆడేటప్పుడు, అవుటైతే కొన్ని సెకన్లు వెనక్కి తిప్పుకోవచ్చు, ఎక్కడంటే అక్కడ ఆటను దాచుకోవచ్చు. అలా పూర్తి చేసిన ఆటకు మార్కులు వేసే అర్హత నాకుందా? (ఒక పాఠకుడు, డల్లాస్)

జవాబు: ఉద్యోగం, పిల్లలు ఉన్నవారికి రాత్రి పదిన్నర తర్వాత దొరికే ముప్పావు గంటలో, దాచుకునే సౌకర్యాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. వెనక్కి తిప్పడం మాత్రం వేరు. గోతిలో పడిన ప్రతిసారీ మూడు సెకన్లు వెనక్కి తిప్పితే, ఆ గోతిని అక్కడ తవ్వినవారు పెట్టిన బిగువు మొత్తం సడలిపోతుంది, చివరికి ఆట చప్పగా ఉందని మీరే రాస్తారు. నా నియమం ఏమిటంటే, స్టేజి మొదట్లో దాచుకుంటాను, మధ్యలో వెనక్కి తిప్పను. తిప్పితే ఆ సంగతి అంకె పక్కనే రాస్తాను.

పాతకాలంలోనూ సడలింపులు లేకపోలేదు. గేమ్ ఓవర్ అయ్యాక మారియో టైటిల్ తెర మీద 'ఏ' (A) అక్షరం ఉన్న బటన్ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే, ఓడిపోయిన వరల్డ్ మొదటి స్టేజి నుంచే మళ్ళీ మొదలుపెట్టవచ్చు; చేతికి పుస్తకమేదీ రాని క్యాసెట్లతో పెరిగిన మనకు ఆ ముక్క చెప్పినవారు తక్కువ. కాంట్రాలో 30 లైఫ్‌లిచ్చే పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ అనే వరుసను కోనామిలో పనిచేసిన కజుహిసా హషిమోతో ముందుగా 1986లో గ్రేడియస్ ఆట కోసం పెట్టారు, అది పరీక్షించడానికి తనకే మరీ కష్టంగా ఉందని. తయారుచేసినవారికే అవసరమైన సాయం మనం తీసుకుంటే నామోషీ ఏమీ లేదు. అయితే మనకు దొరికిన '9999999 ఇన్ 1' క్యాసెట్లలో ఉన్నవి గుప్పెడు ఆటలే. అవే స్టేజీ మార్చి, లైఫ్‌లు పెంచి మళ్ళీ మళ్ళీ జాబితాకెక్కేవి. మీరు చిన్నప్పుడు ఆడింది మూడు లైఫ్‌ల ఆటా, ముప్పై లైఫ్‌ల ఆటా అన్నది ముందు గుర్తు చేసుకోండి.

ప్రశ్న: అటక మీది పాత సెట్, దానితో వచ్చిన గన్ దొరికాయి. ఎల్‌ఈడీ టీవీలో డక్ హంట్ పెడితే ఆట వస్తోంది గానీ ఒక్క బాతూ పడటం లేదు. గన్ పాడైందా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: గన్ బాగానే ఉండి ఉండవచ్చు. ఆ గన్ నుంచి ఏదీ బయటకు రాదు, టీవీ వెలుగును అది చూస్తుంది, అంతే. మీరు ట్రిగ్గర్ నొక్కగానే ఆట తెరను ఒక్క క్షణం నల్లగా చేసి, వెంటనే బాతు ఉన్న చోట తెల్లటి చతురస్రం వేస్తుంది. ముందు చీకటి, ఆ వెంటనే వెలుగు కనబడితే బాతు పడినట్టు. బల్బుకేసి గురిపెట్టి మోసం చేద్దామంటే కుదరకపోవడానికి ముందు వచ్చే ఆ నలుపే కారణం. ఈ తంతంతా పిక్చర్ ట్యూబు వేగాన్ని నమ్ముకుని జరుగుతుంది. ఎల్‌ఈడీ టీవీలో తెల్ల చతురస్రం ఆలస్యంగా వచ్చేసరికి గన్ చూడటం మానేసి ఉంటుంది. కనుక డబ్బా టీవీ దొరికేదాకా డక్ హంట్‌కు మార్కులు వేయకండి. నా పుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉంది. టీవీ దొరికితే, ఒక్క బాతు ఎగిరే ఆటలో రెండో రిమోట్ ఇంకొకరి చేతికిచ్చి చూడండి, బాతును వాళ్ళు ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు.

ప్రశ్న: చిన్నప్పుడు మాకు దొరకని ఆటలను ఇప్పుడు ఆడుతున్నాను. 1986 నాటి మొదటి జెల్డా మొదలుపెట్టి, ఎటు వెళ్ళాలో తెలియక గంటలో మానేశాను. రెండు మార్కులు వేశాను. తొందరపడ్డానా? (ఒక పాఠకురాలు, నిజామాబాద్)

జవాబు: జ్ఞాపకం అడ్డురాదు కనుక మీలాంటి వారి మార్కులే నాకు ఎక్కువ విలువైనవి. కానీ ఈసారి తొందరపడ్డారు. అమెరికాలో ఆ ఆట పెట్టెలో పుస్తకంతో పాటు మ్యాపు కూడా ఉండేది, అవి చేతిలో ఉన్నాయన్న నమ్మకంతోనే ఆటలో దారి చెప్పకుండా వదిలేశారు. మ్యాపు లేకుండా ఆడటమంటే పుస్తకంలో సగం పేజీలు చింపేసి చదవడం. ఒక గళ్ళ కాగితం తీసుకుని, ఒక్కో తెరకు ఒక్కో గడి చొప్పున మీరే మ్యాపు గీసుకుంటూ ఆరు గంటలు ఆడండి. అప్పటికీ రెండే అనిపిస్తే రెండే వేయండి, నేను వాదించను. నేను ఏడు వేశాను. అనుమానం ఉన్న ప్రతి పొదనూ కాల్చి చూడవలసి రావడం నాకూ నచ్చలేదు.

ప్రశ్న: క్యాసెట్ రానప్పుడు ఊదితే పని చేస్తుందనేవారు. నిజమేనా? (ఒక పాఠకుడు, ఏలూరు)

జవాబు: పని చేసింది ఊదడం కాదు, తీసి మళ్ళీ పెట్టడం. నోటి తడి పిన్నులకు తుప్పు పట్టిస్తుంది కనుక ఊదవద్దని నింటెండోనే హెచ్చరించింది. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిన్నులను నెమ్మదిగా తుడవండి. దూది నల్లగా వస్తే ఇంకో పుల్ల తీసుకోండి. పూర్తిగా ఆరాకే క్యాసెట్ పెట్టండి.